గోడ అడుగున రెండు తూములు

పోయిన గురువారం పొద్దున మేస్త్రీగారు పోయారని ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను రాజోలులో ఒక డాబా ఇంట్లో, వాన నీరు దిగిన గోడకి తేమ కొలిచే మీటరు ఆనించి నిలబడి ఉన్నాను. "నిద్దట్లోనే వెళ్ళిపోయేరండీ, ఎవర్నీ లేపలేదు" అంది. ఆ ఇంటివాళ్ళు మీటరులో ఎంత వచ్చిందని అడుగుతున్నారు. నాకు అంకె కనిపించలేదు. మీటరు సంచిలో పడేసి, ఆయన చూసినట్టే చేతి వెనక భాగం గోడకి ఆనించి చూశాను. ఇంకా తడి ఉందనీ, నాలుగు రోజులు ఆగి పూత వేద్దామనీ చెప్పి బయటికొచ్చి వాళ్ళ అరుగు మీద కూర్చుని ఏడ్చాను. పనిలో ఉండగా ఏడ్చే మనిషిని కాను నేను. ఆ ఇంటావిడ పాపం ఏమనుకుందో, గోడ గురించి ఏమీ దిగులు పడొద్దని నన్నే ఓదార్చింది.

ఆయన గురించి చెప్పాలంటే ముందు నా గొప్పలు కొన్ని చెప్పుకోవాలి. ఎందుకంటే అవి ఎలా కూలాయో కూడా చెప్పాలి. నేను ఎనిమిదేళ్ళు కువైట్‌లో ఒక హోటల్లో క్లీనింగ్ సూపర్‌వైజరుగా చేసి వచ్చాను. వచ్చాక హైదరాబాదు కంపెనీ ఒకదాని దగ్గర ఫ్రాంచైజీ తీసుకున్నాను. వరదకో, నిప్పుకో, చెమ్మకో దెబ్బతిన్న ఇళ్ళని మళ్ళీ మనుషులుండేలా చెయ్యడం మా పని. ఆరు రోజుల ట్రైనింగు, గోడకి తగిలించుకోడానికి ఒక సర్టిఫికెట్టు, రెండు పంపులు, తేమని లాగేసే యంత్రాలు నాలుగు, ఇంత లావు మాన్యువలు. అమలాపురం బస్టాండు వెనక సందులో బోర్డు పెట్టాను. మొదటి ఆరు నెలలూ కూలర్లు అద్దెకిస్తారా అని అడగడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఇల్లు తుడవడానికి హైదరాబాదు కంపెనీ కావాలా అని మా ఆడపడుచు నలుగురిలో నవ్వింది. రెండేళ్ళలో వ్యాపారం పెరగకపోతే ఈ ప్రాంతాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తామని మాత్రం అగ్రిమెంటులో స్పష్టంగా రాసి ఉంది.

మేస్త్రీగారు నా దగ్గరికి రోజుకూలీకి వచ్చారు, ఊడిన పూతలు వెయ్యడానికి. అప్పటికే అరవై దాటేశారు. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, తలకి తువ్వాలు, సిమెంటు బస్తాతో కుట్టుకున్న సంచిలో తాపీ, మట్టం, దారపుండ. ఏ గోడ దగ్గరికి వెళ్ళినా ముందు వేలి కణుపులతో రెండుసార్లు తట్టేవారు. తరవాత చేతి వెనక ఆనించేవారు. అదీ చాలకపోతే చెంప ఆనించి కళ్ళు మూసుకునేవారు. "ఏవిటి డాక్టరుగారూ, రోగి బతుకుతాడా?" అని ఆటపట్టించేదాన్ని. ఆయన కళ్ళు తెరవకుండానే చెప్పేవారు.

"నీ మీటరు చెప్పిందే నేనూ చెప్తానమ్మాయ్. నాకు బ్యాటరీ అక్కర్లేదు, అంతే."

ఇంకో పట్టింపు ఉండేది ఆయనకి. నీళ్ళు దూరిన ఇంట్లో, ఇంటివాళ్ళ ముందు, 'పాడైపోయింది' అన్న మాట ఎవరన్నా ఊరుకునేవారు కాదు. బీరువా అయినా, పరుపైనా, పెళ్ళిఫొటో అయినా సరే, తడిసిందనాలి. ఇక పనికిరాదని మన నోటితో మనం చెప్పకూడదు, వాళ్ళే చూసుకుని పారేసుకోవాలి. కంపెనీ ఫారంలో నష్టాల జాబితాకి ఒక పేజీ ఉంటుంది. దాన్ని వీధిలో నిలబడి నింపమనేవారు.

ఆ ఏడు ఆషాఢంలో గోదారి వచ్చింది. కొత్తపేట అవతల లంకలో ఉండే ఒక మామ్మగారి ఇంటికి పిలుపొచ్చింది. నాకు వరద ఇల్లు అదే మొదటిది. మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడల పెంకుటిల్లు. ఇంట్లో మొలలోతు, పెరట్లోనూ అంతే. మామ్మగారు పక్కింటి డాబా మీద ఉన్నారు. మాన్యువల్ ప్రకారం మొదటి రోజే ఇంట్లో నీరు తోడెయ్యాలి, లేకపోతే గోడలు చెమ్మ పీల్చేస్తాయి. గుమ్మాలకి ఇసుక బస్తాలు పేర్చి, పంపులు పెట్టించాను. పడవ దిగుతున్నప్పుడే మేస్త్రీగారు ఒక మాట అన్నారు.

"బయట ఉన్నంత లోపల ఉండనీ అమ్మాయ్. రెండూ కలిసి దిగాలి."

నేను విన్నాను, కానీ చెవిన పెట్టలేదు. నాకు సర్టిఫికెట్టు ఉంది మరి. ఆయన రెండోసారి చెప్పలేదు. వెళ్ళిపోనూ లేదు. పెరటివైపు గదిలో మంచాలు జరుపుతున్న మా పనివాళ్ళు ముగ్గుర్నీ ఏదో సాకు చెప్పి వీధిలోకి పంపేసి, ఆ గది గుమ్మంలో తను అడ్డంగా నిలబడ్డారు. లోపల నీరు పాదాల దాకా దిగింది. నేను ఫొటో తీసి హైదరాబాదు పంపాను కూడా. మధ్యాహ్నం వేళకి పెరటి గోడ ఒక్క మూలుగు మూలిగి, లోపలికి పడిపోయింది. బయట ఉన్న నీరంతా దాని మీద ఆనుకుని ఉందని నాకు అప్పుడు అర్థమైంది. ఆ గదిలో ఆ ముగ్గురూ ఉండి ఉంటే ఈ వ్యాసం నేను రాసేదాన్ని కాదు. 

ఆయన 'చెప్పేను కదా' అనలేదు. ఆ రోజే కాదు, తరవాత కూడా ఎప్పుడూ అనలేదు. తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, "ముందు మామ్మగారికి చెప్పి రా. నేను ఇటికలు ఏరతాను" అన్నారు.

నేను మామ్మగారి దగ్గరికి వెళ్ళకుండా ముందు కంపెనీకి ఫోన్ చేశాను. అలాంటివాటికి మాన్యువలు చివర వేరే ఫారం ఉందట. గోడ ముందునుంచే బలహీనంగా ఉందని రాసి ఇంటివారి సంతకం తీసుకోమన్నారు, నోటితో ఏమీ ఒప్పుకోవద్దన్నారు. ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నీళ్ళలో నడుస్తుంటే మేస్త్రీగారు చూశారు. అదేమిటని అడిగారు. చెప్పాను. ఆయన ఇటుకలు పేర్చడం ఆపలేదు.

"ఆవిడ పెట్టేస్తారమ్మాయ్ సంతకం. నువ్వు చెప్పేవంటే చదవకుండా పెట్టేస్తారు. అదే కదా భయం."

కవరు మడిచి సంచి అడుగున పెట్టేశాను. మేడ మీదికి వెళ్ళి, "మీ గోడ నేనే పడగొట్టానండీ, తెలియక. మళ్ళీ కట్టిస్తాను" అని చెప్పాను.  మామ్మగారు గోడ పక్కన ఉన్న ఆవకాయ జాడీ సంగతి అడిగారు. జాడీ బాగానే ఉంది.

నోటితో తప్పు ఒప్పుకున్నందుకు మందలిస్తూ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వరదల కాలం అయ్యాక మేనేజరు స్వయంగా వచ్చి చూసి, ఫ్రాంచైజీ నాకే ఉంచాలో వద్దో తేలుస్తారట. ఎనిమిదేళ్ళ కువైట్ కష్టం ఒక మనిషి చేతి సంతకానికి వేలాడుతోంది. మేస్త్రీగారికి ఉత్తరం చదివి వినిపించాను. వచ్చినప్పుడు చూద్దాం, ముందు గోడ లేవాలి అన్నారు. వరద తీశాక, పాత ఇటుకలే గోకి, ఎండబెట్టి, పదిహేను రోజులు ఆయనే కట్టారు. కట్టినప్పుడు గోడ అడుగున, పిడికిలి పట్టేంత తూములు రెండు వదిలేశారు. కొత్త గోడకి కన్నాలేమిటని నేను లబోదిబోమన్నాను. కొబ్బరికాయ వలిచిన పీచు డొక్కల్ని ఆ కొలతకి చెక్కి, బిరడాల్లాగా వాటిలో దిగ్గొట్టారు. మామూలు రోజుల్లో ఎలకా పామూ రావు. గోదారి పొంగి మెట్టెక్కగానే రెండూ లాగేస్తే బయటి నీరు మర్యాదగా లోపలికి వచ్చి, బయటితో పాటే దిగిపోతుంది. ఎటువైపూ గోడ మీద బరువుండదు. ఆయన చిన్నప్పుడు లంకల్లో చాలా ఇళ్ళకి ఉండేవట. టైల్సు వచ్చాక అందరూ సిమెంటుతో మూయించేసుకున్నారట.

భాద్రపదంలో గోదారి మళ్ళీ వచ్చింది. మామ్మగారు తన చేతికర్ర కొంకితో డొక్కలు రెండూ లాగేసి, పక్కింటి డాబా ఎక్కేశారు. ఈసారి మేం పంపు దింపలేదు. నీరు దానంతటదే తీస్తున్నప్పుడు మోకాలి లోతులో చీపుళ్ళు పట్టుకుని నిలబడి, అడుగున పేరుకున్న ఒండ్రుని ఆ దిగే నీటితోనే బయటికి నెట్టేశాం. అదీ ఆయన పద్ధతే. ఒండ్రు ఎండిందంటే ఇక పలుగు పట్టుకోవాలి. గోడ అలాగే ఉంది. మేస్త్రీగారు దాన్ని రెండుసార్లు తట్టి, బీడీ వెలిగించుకున్నారు.

తరవాత వారానికే మేనేజరుగారు ఫైలు పట్టుకుని పడవ దిగారు.  ఆయన గోడంతా చూసి, తూముల ఫొటోలు తీసి, ఇవి కంపెనీ ప్రమాణాల్లో లేవే అన్నారు. మామ్మగారు కుర్చీ వేయించి, కొబ్బరినీళ్ళిప్పించి, తీరిగ్గా చెప్పారు.

"పడగొట్టింది ఈ అమ్మాయేనండి. ఆయ్. తనే వచ్చి చెప్పింది. కట్టించింది కూడా ఈ అమ్మాయే. అవతల లంకలో మా వియ్యపురాలి గోడ మొన్న వరదకి పడిపోయిందండి. అది ఎవరు పడగొట్టేరో చెప్పేవాళ్ళే లేరు. ఈ అమ్మాయినే పంపండి అక్కడికి."

మేనేజరుగారు ఫైలులో ఏం రాసుకున్నారో నాకు తెలియదు. ఫ్రాంచైజీ మాత్రం నాకే ఉంది.

ఆ వియ్యపురాలి ఇంటితో మొదలైంది నా వ్యాపారం పెరగడం. లంక నుంచి లంకకి, ఆడపడుచుల మీదుగా, తోడికోడళ్ళ మీదుగా పాకింది. బోర్డులకీ కరపత్రాలకీ రాని ఫోన్లు మామ్మగారి నోటి మాటకి వచ్చాయి. రెండో ఏడు రాజోలులో ఆఫీసు తెరిచాం. పాత కస్టమర్లు మళ్ళీ మళ్ళీ పిలిచేలా చూసుకోవాలని కంపెనీ మీటింగుల్లో చెబుతారు. ఆ మాట మేస్త్రీగారికి చెబితే నా వంక జాలిగా చూశారు. ఒకే గోడకి రెండోసారి పిలిచారంటే మనకి సిగ్గు కాదా అన్నారు. కొత్తపేటలో మూడో ఆఫీసు శ్రావణంలో మొదలవుతుంది. తాళం మీరే తియ్యాలి అంటే, నా పంచె ఉతుక్కోవాలైతే అని నవ్వారు. అది నెల్లాళ్ళ కిందటి మాట.

ఆయనకి నేను ఋణపడ్డానని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. మొహం మీద ఒక్కసారీ అనలేదు. అంటే చిరాకు పడతారని భయం. ఇప్పుడు ఇలా మీ అందరి ముందూ చెబుతున్నాను. నాకు పని నేర్పింది ఆయనే. తప్పు చేశాక ఎటువైపు నడవాలో చూపించిందీ ఆయనే.

గురువారం మధ్యాహ్నానికి వాళ్ళింటికి వెళ్ళాను. అన్నీ అయ్యాక, సాయంత్రం, కోడలు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. వాళ్ళ గోడ అడుగు తూముల్లో డొక్కలు కొత్తవి.

"మొన్న శనివారమే మార్చేరండీ. ఓపిక లేదు కదా మావయ్యగారూ, తరవాత చూద్దురుగాని అన్నాను. వరద నా ఓపిక చూసి రాదు కదమ్మా అన్నారు."

అని, చూరు కింద నుంచి ఒక చిన్న బుట్ట తీసి నా చేతికిచ్చింది. చెక్కిన డొక్కలు రెండు ఉన్నాయి అందులో. అవి ఎవరివో అడగక్కర్లేదు. ఏటా వరదలకి ముందు మామ్మగారి గోడకి పాత డొక్కలు తీసి కొత్తవి పెట్టడానికి ఆయనే వెళ్ళేవారు. నన్ను రమ్మనేవారు కాదు, ఇదేం ఆఫీసు పని కాదనేవారు.

మర్నాడు పడవెక్కాను. మామ్మగారు వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. నా చేతిలో బుట్ట చూసి, నా వెనక దారి వంక చూశారు. ఇంకెవరూ రావడం లేదు. నేను పెరట్లోకి వెళ్ళలేదు. బుట్ట కింద పెట్టి, ఆవిడ పక్కన కూర్చుని, ముందు చెప్పాను. ఆవిడ బుట్టలో డొక్కలు రెండూ చేత్తో తడిమి చూశారు. తరవాత, "వెళ్ళి పెట్టమ్మా, వెలుగుండగానే" అన్నారు.

పెరటి గదిలో నేల మీద కూర్చుని, ఎండి ముడుచుకుపోయిన పాత డొక్క లాగాను. తూములోంచి పెరటి ఎండ గదిలోకి వచ్చి నా చేతి వెనక పడింది. దాన్ని కాసేపు అలాగే ఉండనిచ్చాను. అవతల ఎవరో ఇటుకలు ఏరుతున్నట్టు అనిపించింది. తరవాత కొత్త డొక్క పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కాను. కొలత సరిగ్గా సరిపోయింది.