మంజుల టీచర్ పొడుగు ప్రార్థన

కోదాడలో మా మిషన్ బడికీ చర్చికీ ఒకటే గేటు. బోరు ఒకటే, చీపురు కూడా ఒకటే. ముందు బడే వచ్చిందట. తెల్లదొరలు రేకుల షెడ్డు వేసి పిల్లలకు అక్షరాలు నేర్పించారు. ఆదివారం నాడు అదే షెడ్డులో బల్లలు గోడవారకు జరిపి ఆరాధన పెట్టారు. వారమంతా పలకలు దిద్దించిన పంతులే ఆదివారం ప్రసంగం చెప్పేవాడు. తర్వాత దొరలు వెళ్ళిపోయారు, చర్చికి వేరే గోడలు, వేరే గంట వచ్చాయి. ఆ ముడి మాత్రం ఊడలేదు. మా రూలు ప్రకారం పాస్టర్ ఎవరైతే వారే బడికి కరస్పాండెంట్. బడికి హెడ్ ఎవరైతే వారే సంఘ కమిటీకి సెక్రటరీ. టీచరు సెలవు పెట్టాలంటే పాస్టర్ సంతకం కావాలి, పాస్టర్ ఇక్కడ నిలవాలంటే టీచరు మాట కావాలి. అంటే అత్తాకోడళ్ళకు ఒకే వంటగది ఇచ్చి, రోజూ వందనాలు చెప్పుకోమన్నట్టు.

ఈ ఏర్పాటులో దర్జాగా బతికిన మనిషి మా హెడ్ మంజుల టీచర్. ఆమె సొంతూరు మోతె. తల్లిదండ్రులు కూలికి పోతే, పిల్ల సూర్యాపేటలో మిషన్ బోర్డింగులో పెరిగింది. అక్కడి వార్డెనమ్మ అన్నం ముందు రోజుకొక పిల్లతో ప్రార్థన చేయించేది. బాగా చేసిన పిల్లకు పప్పు ఇంకో గరిటె పడేది. వార్డెనమ్మ లెక్కలో బాగా అంటే పొడుగ్గా. మంజులకు ఆకలి ఎక్కువ. అలా నేర్చుకుంది ప్రార్థన.

ఆ ప్రార్థన ఎలా ఉంటుందో ఒక్కసారి చెప్పాలి. భూమ్యాకాశాల సృష్టితో మొదలవుతుంది. ఆదాము, నోవహు, అబ్రాహాము వరసగా వస్తారు. మోషే ఐగుప్తు నుంచి జనాన్ని బయలుదేరదీసేసరికి పెళ్ళిళ్ళలో బిర్యానీ మీద నెయ్యి పేరుకునేది. తర్వాత ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి, కలెక్టరు, సాగర్ కాలువ నీళ్ళు, దవాఖానలో ఉన్నవాళ్ళు పేరుపేరునా. చిట్టచివర, గుర్తుంటే, ఎదురుగా నిలబడ్డ పిల్లలు. ప్రార్థన అయ్యేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు, కదలకూడదు. ఆ రూలు ఆమెకు కూడా వర్తిస్తుంది. గట్టిగా కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి చేస్తుంది.

ఆమె ఉద్యోగం కూడా ఆ ప్రార్థనతోనే నిలబడింది. టెంపరరీగా చేరిన కొత్తల్లో, జూన్‌లో బడి తెరిచిన వారంలోనే, మిషన్ పెద్దలు బడి చూడటానికి వచ్చారు. పొద్దున అసెంబ్లీలో మంజుల ప్రార్థన చేసింది. అది వింటూ ఒక పెద్దాయన జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నెలలోనే ఉద్యోగం పర్మనెంటు. ఈ ముచ్చట మా సంఘంలో వినని చెవి లేదు. "ఆ ఒక్క ప్రార్థననే నాకు ఇన్నేండ్లు అన్నం పెట్టింది" అని ప్రతి పెళ్ళిలో, ప్రతి పురుట్లో ఆమె చెప్పేది. నిజమే మరి. సర్కారు ఎయిడెడ్ పోస్టులు నింపడం మానేశాక, మా బడిలో ఆ జీతం తీసుకునే ఆఖరి టీచరు ఆమే.

రెండేళ్ళ కింద మాకు కొత్త పాస్టర్ వచ్చాడు. పేరు ఏసుబాబు. మేళ్లచెరువు వాడు. తండ్రి సిమెంటు లారీ మీద క్లీనరు. చిన్నప్పుడు మేనత్త ఇంట్లో ఉండి మా బడిలోనే చదివాడు, మూడో తరగతిలో మంజుల టీచర్ దగ్గరే. ఆయన ప్రార్థన చేస్తే ఊపిరి పీల్చి వదిలేలోగా అయిపోతుంది. "ప్రభువా, పిల్లల్ని చూడు, ముసలోళ్ళని చూడు, మా తప్పులు మన్నించు, ఆమెన్." జనానికి ప్రాణం లేచి వచ్చింది. ఎప్పుడూ గుడి ముఖం చూడని లారీ డ్రైవర్లు కూడా వెనక బల్లల్లో కనబడసాగారు. మంజుల టీచర్‌కు మాత్రం ఒళ్ళు మండేది.

ఒకరోజు గేటు దగ్గర అందరూ వినేలా అడిగేసింది. "ఏం ఏసుబాబూ, దేవునికి మిస్డ్ కాల్ ఇస్తున్నవా?"

"ఆయన తిరిగి చేస్తడు గదా టీచర్" అని నవ్వి తప్పుకున్నాడాయన.

ఆ తప్పుకోవడం కమిటీ మీటింగులో కుదరలేదు. ఏసుబాబుకు ఇంకా గురుపట్టం కాలేదు. అంటే ఆయన పూర్తి పాస్టర్ కాదు, పరీక్షలో ఉన్నాడు. హాలియాలో ఉన్నప్పుడు ఒకసారి వెనక్కి పెట్టారు. రెండోసారి కూడా సంఘం వద్దంటే ఇక ఆ దారి మూసుకున్నట్టే. మేం సరేనంటే వచ్చే నెల మిర్యాలగూడలో పట్టం ఇస్తారు. మా మాట వినడానికి మిర్యాలగూడ నుంచి మిషన్ ఛైర్మన్ అయ్యగారు ఒక ఆదివారం వచ్చారు. ఆరాధన తర్వాత మూడో తరగతి గదిలో, మోకాళ్ళు గడ్డానికి తగిలే పిల్లల బల్లల మీద అందరం ఇరుక్కుని కూర్చున్నాం. సమోసాలు తెచ్చే పని నాది.

"ఎవరికైనా అభ్యంతరమా?" అన్నారు ఛైర్మన్.

మంజుల టీచర్ లేచింది. "నాకున్నది. ఈయనకు ప్రార్థన భారం లేదు అయ్యగారూ. గొర్రెలను పిలిచి, గుప్పిట్ల తవుడు చూపెట్టి, తినకముందే గుప్పిట మూస్తడు. గిట్లాంటి మనిషికి పట్టం ఎట్ల ఇస్తరు?"

ఛైర్మన్ ముఖం ముడుచుకుంది. ఆయన కూడా నోవహు దాకా వెళ్ళే రకమే. "ఏమయ్యా, ఏమంటావు?"

"ఏం లేదు అయ్యగారూ. ఇగ నుంచి పెంచుత" అన్నాడు ఏసుబాబు, బల్ల మీద చెక్కిన పేర్లను వేలితో తడుముతూ.

"పెంచుడు తర్వాత. ఎందుకు కుదించినవో జెప్పు." పిల్లవాడు కారణం కక్కేదాకా వదలకపోవడం టీచర్‌కు అలవాటు.

పక్క బల్లలో మత్తయ్య కిసుక్కున నవ్వాడు. అతనికి హైవే పక్కన టైర్ల షాపు. చిన్నప్పుడు ఏసుబాబుతో కలిసి చదివాడు. "జెప్పురా... జెప్పుండ్రి అయ్యగారూ. దాపెట్టుడు ఎందుకు?"

ఏసుబాబు అటూ ఇటూ చూశాడు. తప్పించుకునే దారి దొరకలేదు.

"మూడో తరగతిల ఉన్నప్పుడు ఒకరోజు అసెంబ్లీ నడుస్తాంది. నాకు అర్జెంటు అయింది. చిటికెన వేలు లేపిన. ఎవరు చూస్తరు? అందరియి కళ్ళు మూసే ఉన్నయి, టీచర్‌వి గూడ. టీచర్ అప్పటికి మోషే కాడ ఉన్నరు. ఎర్ర సముద్రం చీలేదాక ఆపుకున్న అయ్యగారూ. ఇగ ఆ తర్వాత నాతోని కాలె."

గదంతా గొల్లున నవ్వింది. ఛైర్మన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వు కాస్త తగ్గాక ఏసుబాబు, "ఇప్పటికీ ప్రార్థన మొదలువెట్టంగనే, ఎవడో ఒక పిల్లగాడు గాడ వేలు లేపుకొని నిలవడ్డడేమో అనిపిస్తది. అందుకే జల్ది ఆమెన్ అంట" అన్నాడు.

మళ్ళీ నవ్వాం. ఆ ఊపులో మత్తయ్య, "అదే టీచర్, గా పెద్దలు వచ్చిన నాడే! ఒగాయన కళ్ళు తుడుసుకున్నడని మీరు జెప్తరు సూడు, అదే..." అంటూ అక్కడ ఆగిపోయాడు.

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క క్షణంలో అర్థమై, ఒక్కొక్క బల్లగా చల్లారింది. అందరం సమోసాల వైపు చూశాం.

మంజుల టీచర్ ఇంకా నిలబడే ఉంది. ఆమెకు ఆ పిల్లవాడు గుర్తు రావడం లేదు. ఈ సంగతి తర్వాత ఆమే నాకు చెప్పింది. ఆ రోజు తను కట్టుకున్న చీర అంచు గుర్తుంది, పెద్దాయన జేబురుమాలు గుర్తుంది. ఎదుట మూడో వరసలో తడిసిన చెడ్డీతో నిలబడ్డ బిడ్డ ఎంత వెతికినా దొరకలేదట. "సభలో నా చీర ఊడిపోయినా అంత సిగ్గయ్యేది కాదు" అంది.

ఛైర్మన్ గొంతు సవరించుకున్నారు. "టీచరమ్మా, మరి అభ్యంతరం ఉన్నట్టా, లేనట్టా?"

"లేదు అయ్యగారూ."

"అభ్యంతరం లేపి మీరే తీసేస్తున్నారు గదా, కారణం ఏదో ఒకటి రాయాలి."

"ఆయన ప్రార్థన పొట్టిది కాదు. నాదే పొడుగు. అట్ల రాయుండ్రి."

రాయాల్సింది సెక్రటరీయే. కాబట్టి ఆమే కూర్చుని, తలెత్తకుండా, ఆ మాటే రాసింది. ఏసుబాబుకు మా సంఘం మద్దతు అలా ఖాయమైంది. అభినందనలు చెప్పకుండానే అందరం లేచాం.

బయటికి వచ్చాక ఏసుబాబు బండి దగ్గర ఉంటే టీచర్ ఆయన దగ్గరికి వెళ్ళింది. నేను సమోసాల గిన్నె కడుగుతూ పక్కనే బోరు దగ్గర ఉన్నాను. వినకూడదని గట్టిగా తోముతూనే విన్నాను.

"తర్వాత ఏమైంది బిడ్డా?"

"ఎప్పుడు టీచర్?"

"ఆ రోజు. తడిసినంక."

"ఏమైతది టీచర్, ఆరిపోయింది." తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. అది బండికే ఉంది.

"ఎట్ల ఆరింది?"

ఆయన బండి అద్దం తుడవసాగాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. పిల్లవాడి ముఖం కాదు, తన మాట. ఆఫీసు గదిలో పెద్దలు చాయ్ తాగుతున్నారు. వాళ్ళ కంట పడితే ఉద్యోగం ఏమవుతుందోనని, తడిసిన పిల్లవాణ్ణి బడి వెనక గోడ దగ్గర ఎండలో నిలబెట్టి, "ఆరేదాక లోపలికి రాకు" అని వచ్చింది. లోపల ఇంత కథ చెప్పిన మనిషి ఈ ముక్క మాత్రం చెప్పలేదు. నవ్వుకోగలిగినంత వరకే చెప్పి ఆపాడు.

"ఎండల నిలవెట్టిన గదరా."

"చలికాలం టీచర్ అది. ఎండ మంచిగనే ఉండె."

జూన్ అని ఇద్దరికీ తెలుసు.

"ఎక్కుండ్రి టీచర్, ఇంటికాడ దింపుత."

"వద్దు, నడుస్త."

మిట్టమధ్యాహ్నం. కొంగు తల మీదికి లాక్కోకుండానే ఆమె ఖమ్మం రోడ్డు వైపు నడవసాగింది. బండి ఎక్కి ముందుకు పోవడానికి ఏసుబాబుకు మనసు ఒప్పలేదు. పక్కన నడవడానికి ధైర్యం చాలలేదు. బండిని తోసుకుంటూ వెనక నడిచాడు. నాదీ అదే దారి గనక, గిన్నె చంకన పెట్టుకుని ఆయన వెనక నేను. చూసినవాళ్ళు ఇదేదో చిన్న ఊరేగింపు అనుకుని ఉంటారు.

చాయ్ హోటల్ మంగయ్య గల్లా దగ్గర నుంచే అరిచాడు. "ఏందయ్యగారూ, బండి ఖరాబైందా?"

"ఆఁ... పెట్రోల్ అయిపోయింది" అన్నాడు ఏసుబాబు.

మంగయ్యది పెద్ద మనసు. గొర్లు, మేకలు, చాయ్ తప్ప వేరే లోకం లేని మనిషి. మా చర్చికి ఎప్పుడూ రాడు గానీ పాస్టర్లంటే గౌరవం. వద్దు వద్దంటున్నా వినకుండా, తన బండిలోంచి కూల్‌డ్రింకు సీసాలోకి పెట్రోల్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తనే ట్యాంకు మూత తిప్పాడు. లోపలికి చూశాడు. తల ఎత్తి పాస్టర్‌ను చూశాడు. మళ్ళీ లోపలికి చూశాడు.

"ఇది మూతిదాక నిండే ఉన్నది గదా అయ్యగారూ!"

హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఏసుబాబు చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచాడు. పొట్టి ప్రార్థన కూడా రాలేదు. మంగయ్య సీసా పట్టుకుని జవాబు కోసం నిలబడ్డాడు.

ముందు నడుస్తున్న మంజుల టీచర్ ఆగింది. వెనక్కి వచ్చి మంగయ్యతో, "మీటర్ ఖరాబైంది మంగయ్యా, ఖాళీ అయిందని చూపెడతాంది. నేనే దిగి నడుద్దామన్న" అంది. తర్వాత కొంగు ముఖం మీదికి లాక్కుని బండి వెనక సీటు మీద కూర్చుంది.

"పోనీయి బిడ్డా. అందరు సూస్తున్నరు."