మేకుకు తగిలించిన మీసం

ఆ హోటలు గుమ్మంలో తలుపు తీసి సెల్యూట్ కొట్టే ఆయన పేరుతో ఎవరికీ పనిలేదు. అందరికీ ఆయన మీసాలాయనే. ఆ మీసం చెంపల మీదుగా పైకి లేచి, చెవుల దాకా వెళ్లి, అక్కడ చిన్న చుట్ట చుట్టుకుని ఆగేది. వచ్చినవాళ్లు ముందు దాన్ని చూసి, తర్వాత ఆయన్ని చూసేవారు. మేనేజరు కూడా పొద్దున్నే "మీసం ఎలా ఉంది?" అనేవాడే గానీ, "నువ్వెలా ఉన్నావు?" అని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఇంత ఠీవి ఉన్న మనిషికీ ఒక దిగులుంది. అది భార్య కడుపు. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఏం తిన్నా కడుపు ఉబ్బి, మెలిపెట్టి, మిషను ముందే ముడుచుకుపోయేది. చివరికి డాక్టరమ్మ పరీక్షలు చేయించి, అది సీలియాక్ అనే జబ్బని తేల్చింది. గోధుమలోనూ బార్లీలోనూ గ్లూటెన్ అని ఒకటుంటుందట. అది రవ్వంత లోపలికి వెళ్లినా ఆవిడ పేగు పాడవుతుందట.

ఆ రోజే మీసాలాయన గోధుమ మీద యుద్ధం ప్రకటించాడు. పిండి డబ్బా పోయింది, బిస్కెట్లు పోయాయి, పాపం ఏ తప్పూ చెయ్యని జల్లెడ కూడా పోయింది. టూత్‌పేస్టు, పెదాలకు రాసుకునే క్రీము కంపెనీలకు ఫోన్ చేసి మరీ మార్చాడు. పక్కింటావిడ బ్రెడ్డు నములుతూ వస్తే గుమ్మంలోనే ఆపి, "మింగేసి రండమ్మా" అన్నాడు.

అయినా నొప్పి తగ్గలేదు.

కారణం ఆయన తల్లికి ఇట్టే తెలిసిపోయింది. "దొంగతిండిరా," అంది కొడుకుతో, కోడలికి వినబడేలా. "ఆ బట్టల మూటల్లో బిస్కెట్లు దాస్తోంది." అనడమే కాదు, ఎవరో కుట్టడానికిచ్చిన కోటు జేబులన్నీ తడిమింది. బొత్తాలు దొరికాయి. వాటిని కూడా వాసన చూసింది.

కోడలు కత్తెర కింద పెట్టింది. "నేను తినే ఉంటే కనీసం తిన్న సుఖమైనా దక్కేది కదా అత్తయ్యా," అని మొగుడి వంక చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆ మధ్య ఆయనకూ కాస్త అనుమానం వచ్చింది మరి. ఆవిడకు కడుపునొప్పి కంటే ఆ దించుకున్న తలే ఎక్కువ బాధ కలిగించింది.

మళ్లీ ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు.

"తిండి సరే, రాసుకునేవాటి సంగతేంటి? చర్మానికి రాస్తే ఫర్వాలేదు, నోట్లోకి వెళ్లేవే ప్రమాదం. పెదాలకు ఇంకేమైనా తగులుతోందా?" అంది డాక్టరమ్మ.

"ఏమీ తగలడం లేదండీ," అంటూనే ఆవిడ మొగుడి మొహం చూసి ఆగిపోయింది. డాక్టరమ్మ కూడా అటే చూసింది.

"దానికేం రాస్తారండీ?"

"సెలూన్ అతను ఇచ్చే మైనమండీ. సొంత తయారీ. అందులో ఏముందో చచ్చినా చెప్పడు."

పెద్దావిడ అడ్డొచ్చింది. "అది వీడి మీసం కదమ్మా. దీని నోట్లోకెలా పోతుంది?"

డాక్టరమ్మ బల్ల మీది పెన్నులు సర్దుకుంది. కోడలు కిటికీలోంచి బయటికి చూసింది. మీసాలాయన మీసం వెళ్లినంత మేరా ఎర్రబడ్డాడు. డ్యూటీకి వెళ్లేటప్పుడు ఒకటి, రాగానే ఒకటి, పెళ్లయినప్పటి నుంచీ తప్పని అలవాటు. ఆవిడకు ఒంట్లో బాగాలేదన్న జాలితో ఈమధ్య అది ఇంకాస్త ఎక్కువైంది కూడా. పెద్దావిడకు కాసేపటికి వెలిగింది. "నేను బయట కూర్చుంటాను," అని లేచి వెళ్లిపోయింది.

మీసాలాయన నేరుగా సెలూన్‌కెళ్లి నిలదీశాడు.

"మా తాత చెప్పిన రహస్యం అన్నా," అని నసిగాడు సెలూన్ అతను.

"అక్కడ మా ఆవిడ పేగులు పాడవుతుంటే నీకు రహస్యమా!"

"కాస్త మైనం, కాస్త సెంటు అన్నా. మిగతాదంతా గోధుమపిండి జిగురే. ఆ బిగువంతా దానిదే."

ఇంట్లోంచి గోధుమ నలుసును కూడా తరిమేసిన మనిషి, ఆ పిండే మూతికి పూసుకుని తిరిగాడన్నమాట.

"పిండి లేకుండా చెయ్యలేవా?"

"వాలిపోతుందన్నా. ఒకసారి పంచదార పాకంతో చేశాను. చీమలు పట్టాయి."

మీసాలాయన కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. "తీసెయ్."

"కొసలా?"

"మొత్తం."

సెలూన్ అతను ఏడుస్తూనే గీశాడు.

మర్నాడు మేనేజరు ఆయన్ని గుమ్మంలోనే ఆపి, "ఎవరు కావాలండీ?" అన్నాడు. సంగతి తెలిశాక తల పట్టుకుని, నాటకాలవాళ్ల దగ్గర్నుంచి ఒక పెట్టుడు మీసం తెప్పించాడు. తీగతో చెవులకు తగిలించుకునే రకం. భార్య దాన్ని తిప్పి తిప్పి చూసి, జిగురు లేదని రూఢి చేసుకుంది. అయినా ఎందుకైనా మంచిదని గుమ్మం బయట ఒక మేకు కొట్టింది. సాయంత్రం మీసం అక్కడే ఆగాలి, మనిషొక్కడే లోపలికి రావాలి. ఆయన ఇంట్లో ఉన్నాడా లేడా అన్నది పక్కింటావిడ మేకును చూసి చెప్పేసేది.

నెలలు గడిచేకొద్దీ ఆవిడ కడుపు నెమ్మదించింది. మిషను చప్పుడు ఆగకుండా వినిపించసాగింది. ఒకరోజు అత్తగారు బొత్తాలు ఏరి ఇస్తూ, "నువ్వు తినకపోయినా నిన్ను దొంగను చేశానే అమ్మాయ్, తప్పు నాదే," అంది. మొగుడు మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. దగ్గరికీ రాలేదు. ఇంకా ఎక్కడో పిండి మిగిలుందేమోనన్న భయంతో పైపెదవిని సబ్బుతో తోముకుని, దూరం నుంచే చెయ్యి ఊపి డ్యూటీకి వెళ్లిపోయేవాడు.

ఓ పొద్దున ఆవిడ మేకు మీది మీసం తీసి చేత్తో పట్టుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇలా ఇవ్వవే, ఆలస్యమవుతోంది."

"నేను దొంగచాటుగా తింటున్నానని మీరూ అనుకున్నారు కదూ?"

ఈసారి ఆయన తల దించుకోలేదు. "అనుకున్నాను. పెట్టింది నేను, అనుమానించింది నిన్ను. సిగ్గుతో చచ్చిపోతున్నానే."

"ఈ మాట కోసమే ఇన్నాళ్లూ చూశాను," అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఇక రండి."

"శుభ్రంగానే ఉందంటావా?"

"ఎన్నిసార్లు తోముతారు? రండి."

ఆయన అడుగు ముందుకేసి, లోపల కుర్చీలో ఉన్న తల్లిని చూసి ఆగిపోయాడు. పెద్దావిడ కుర్చీతో సహా గోడ వైపు తిరిగింది.

"నేనేం చూడట్లేదులేరా. హోటలుకి టైమవుతోంది, కానియ్."