బ్రేకు మోత విన్న పాదాలు

గార్లదిన్నెలో మేం ఇల్లు కట్టుకుంటున్నప్పటి మాట. నేలబండలకు పాలిష్ పట్టే మస్తానన్నను తాడిపత్రి నుంచి నా కారులోనే తీసుకొస్తున్నాను. ఏళ్ల తరబడి మిషన్ల హోరులో పనిచేసి ఆయనకు చెవులు దాదాపు పోయాయి. అరిస్తే తప్ప వినపడదు.

అప్పటికి వారంగా బ్రేకు తొక్కితే కారు కీచుమంటోంది. మా వైపు దుమ్ముకేం కొదవ? అదే చేరిందనుకుని పాటల సౌండు పెంచేవాణ్ణి. ఆ రోజు గొర్రెల మంద అడ్డొస్తే గట్టిగా తొక్కాను. మస్తానన్న చటుక్కున చెప్పులు విడిచి, అరికాళ్లు కారు అడుగుకు ఆనించాడు.

"ఇంగోసారి తొక్కప్పా."

తొక్కాను.

"ఇనుముకు ఇనుము రాసుకుంటాంది. మా మిషన్లో పాలిష్ రాయి అరిగిపోయి, రేకు బండకు తగిలితే ఇట్లే కాళ్లకు తెలుస్తాది. యాడన్నా చూపిచ్చు."

నమ్మలేదు. అయినా దారిలో కనిపించిన మెకానిక్ షెడ్డు దగ్గర ఆపాను. చక్రం విప్పితే, బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగి వట్టి రేకులు మిగిలాయి. అవి డిస్కును చాళ్లు చాళ్లుగా కోసేశాయి.

"ఇట్లే హైవే ఎక్కింటే బండి ఆగేదే కాదన్నా! ఇన్ని దినాలు సప్పుడు ఇనపడల్యా నీకు?" అన్నాడు మెకానిక్.

రెండు చెవులూ శుభ్రంగా పనిచేసేది నాకే. మస్తానన్న పాదాల వంక చూశాను.

ఆయన నున్నగా తీర్చిన బండల మీద ఈనాటికీ నేను చెప్పులతో నడవను.