అవ్వా, పేపర్ల వచ్చింది!

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం చెప్తా, వినుండ్రి. నవ్వొస్తే నవ్వుండ్రి, ఏమనుకోను. నాకైతే నవ్వాల్నో ఏడ్వాల్నో ఇప్పటికీ సమజైతలేదు.

నా పని మీకు తెలిసిందే. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనకున్న ఒక ఊర్ల బోరు నీళ్ళ మీద, జనాల కిడ్నీల మీద రీసెర్చ్. ఊరి పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తది. ఆ ఊర్ల యాదమ్మవ్వ ఇల్లే నాకు ఆఫీసు లెక్క. శాంపిల్ బాటిళ్ళు ఆమె ఇంట్ల పెట్టుకుంట, ఆమె పోసిన చాయ్ తాగుకుంట ఏండ్లకేండ్లు తిరిగిన. ఆమె భర్త నర్సింలు తాతకు రెండు కిడ్నీలూ ఖరాబైనయి. సంగారెడ్డి పోయి డయాలసిస్ చేయించుకుంటడు. జబ్బు పడ్డకాన్నుంచి గడ్డం గీసుకోలేదు. "ఇగ నన్ను సూసేటోళ్ళెవరున్నరు?" అంటడు.

ఎప్పుడు పోయినా అవ్వ ఒక్కటే అడుగుతది. "బిడ్డా, మా నీళ్ళ సంగతి పెద్ద సార్లకు చెప్పినవా?" సార్లు ఒక్కసారి వచ్చి కండ్లార చూస్తే మంచి నీళ్ళిస్తరని ఆమె ఆశ. "పేపర్ రాస్తున్న అవ్వా," అనేదాన్ని.

ఆ పేపర్ కిందటి వారం అచ్చయింది. ఫారిన్ జర్నల్ మరి! మా డైరెక్టర్ సార్ వాట్సాప్ గ్రూపుల చప్పట్లు, పూలగుత్తులు, రాకెట్లు పెట్టిండు. నా కాళ్ళు నేల మీద లేవు. ఆ ఊపుల అవ్వకు ఫోన్ కొట్టిన.

"అవ్వా, పేపర్ల వచ్చింది!"

"నిజమా బిడ్డా! మా నీళ్ళ ముచ్చటేనా?"

"మీ నీళ్ళ ముచ్చటే! ఆదివారం స్వీట్లు తీస్కొని వస్త."

"ఇగ సార్లు ఉరికొస్తరు!" అన్నది. నేను చెవిన వేసుకుంటే గదా! ఖుషీల ఫోన్ పెట్టేసిన.

ఆదివారం పోయి చూస్తే ఏముంది! వాకిట్ల పెండనీళ్ళ చాన్పి, ముగ్గు. టెంట్‌హౌస్ కుర్చీలు వరసగ. అరుగు మీద ముసలోళ్ళంత పేపర్లు పరుసుకొని కూసున్నరు. నేను ఫోన్ చేసిన కాన్నుంచి అవ్వ రోజూ బస్టాండుకు మనిషిని తోలి, దొరికిన తెలుగు పేపర్లన్నీ తెప్పిచ్చిందట!

"బంగారం రేటుంది, రాశిఫలాలున్నయి, తప్పిపోయిన బర్రె ఫోటో సుత ఉంది. మన ముచ్చటే లేదేంది?" అంటున్నడు ఒకాయన అద్దాలు తుడుసుకుంట.

నడుమ కుర్చీల తెల్లంగి, నున్నగ గీసిన మొఖం, ఎవరో కొత్త మనిషి. ఆఫీసరేమో అని వంగి నమస్తే పెట్టిన. ఆయన బోసినోటితో నవ్విండు. మన నర్సింలు తాత!

"నీ ఎంబడి సార్లొస్తరని సెలూన్ పోరన్ని ఇంటికే పిలిపిచ్చిన," అన్నది అవ్వ.

అప్పుడు సమజైంది నాకు, నా పేపర్ వేరు, ఆమె పేపర్ వేరని. "అవ్వా, ఇది ఆ పేపర్ కాదు. డాక్టర్లు, మాలాంటోళ్ళు సదువుకునేది."

"సరే, గదే సూపియ్."

ఫోన్ తీసిన. తెరుసుకుంటే గదా! పైసలు కట్టమంటది. ఆఫీసు ఇంటర్నెట్‌ల తప్ప బయట రాదని అప్పుడు యాదికొచ్చింది. నేను రాసింది నాకే తెరుసుకోదు!

"నువ్వు రాసిందే గదా బిడ్డా, తాళమెవరేసిండ్రు?"

పైన నాలుగు లైన్లు మాత్రం కనిపిచ్చినయి. అందరు ఫోన్ మీదికి వంగిండ్రు. అవ్వ వేలు పెట్టి అడిగింది. "ఇందుల మా ఊరి పేరేది?"

"పేరు రాయొద్దవ్వా. మీ మంచికే ఆ రూల్. దక్షిణ భారతంల ఒక గ్రామం అని రాసిన."

"తాత పేరు?"

"ఆయనకొక నంబరుంటది."

అవ్వ ఫోన్ ఇడిసి నా దిక్కు సూసింది. మొఖంల కోపం లేదు. తెల్వకనే అడిగింది.

"మరి సార్లు మా ఊరికి ఎట్లొస్తరు బిడ్డా?"

అప్పుడే ఫోన్ టింగుమన్నది. డైరెక్టర్ సార్ మెసేజ్. బ్రెజిల్ నుంచి ఎవరో ప్రొఫెసర్ మా పేపర్ పంపమని అడిగిండట. మళ్ళ రెండు రాకెట్లు.

"నేనే సార్ల దగ్గరికి పోత అవ్వా, ఊరి పేరు పెట్టి చెప్త," అన్న. "పోదువు గాని, ముందుగాల చాయ్ తాగు," అన్నది. సార్ల కోసం తెచ్చిన క్యాన్ నీళ్ళతోనే పెట్టింది. మిగిలిన నీళ్ళకు మూతపెట్టి పక్కకు దాసింది. రేపో ఎల్లుండో వస్తే ఉండాలె గదా అన్నది. కుర్చీలు వాపస్ పోయినయి. తాత మాత్రం తెల్లంగి ఇడువకుంట రోడ్డు దిక్కు సూసుకుంట కూసున్నడు. నాకు ఏడుపొచ్చింది. స్వీట్ డబ్బా సుత బండికే ఉండిపోయింది.

రేపు ఆఫీసుల మీటింగ్. "మీ పేపర్ ఇంపాక్ట్ ఏంటో అందరికీ చెప్పాలి, ప్రిపేరై రండి," అన్నడు సార్. ప్రిపేరై ఉన్న. నా పేపర్ వల్ల నర్సింలు తాత గడ్డం గీసుకున్నడు సార్.