నా ఒంట్లోని సైన్యాన్ని లేపిన దేవుడు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! లింగంపేటలో బీడీలు చుట్టుకుని బతికే సునందమ్మను నేను, ఇక దక్కదని ఊరంతా అనుకున్న మనిషిని, ఇవాళ ఈ ఎల్లారెడ్డి మందిరంలో నా కాళ్ల మీద నేను నిలబడి మాట్లాడుతున్నానంటే అది ప్రభువు కృపే, దేవునికే మహిమ!

మా ఆయన మస్కట్‌కు మేస్త్రీ పనికి పోయిన ఏడు నాకు మూత్రంలో నెత్తురు పడటం మొదలైంది. నొప్పి లేదు, జ్వరం లేదు, నెత్తురు మాత్రం ఎర్రగా పడేది, ఆడదాన్ని, ఎవరికని చెప్పుకోను? చివరికి పక్కింటి ఖైరున్నీసాకు చెప్పాను. ఆమె ఒళ్లోని బీడీల చేట పక్కన పెట్టి, "గిది దాచేది కాదు, నడువ్, నేనొస్త" అంది.

కామారెడ్డి డాక్టరు హైదరాబాదుకు పంపాడు. మూత్రసంచిలో క్యాన్సర్ గడ్డ అన్నారు అక్కడ! లోపలికి గొట్టం పంపి గడ్డను గీకి తీసేశారు గాని, మళ్లీ మొలిచే రకం అన్నారు.

పెద్ద డాక్టరు నన్ను కూర్చోబెట్టి, "చూడమ్మా, క్షయ రాకుండా పసిపిల్లలకు వేసే టీకా ఉంది కదా, ఆ మందునే సన్న గొట్టంతో నీ మూత్రసంచిలోకి వదులుతాం. రోగంతో కొట్లాడే బలగం నీ ఒంట్లోనే ఉంది, కాని అది ఈ గడ్డను శత్రువని గుర్తుపట్టడం లేదు. ఈ మందు దాన్ని లేపుతుంది. తప్పక తగ్గుతుందని మాట ఇవ్వలేను. తగ్గకపోతే సంచి తీసెయ్యాలి" అన్నాడు.

ఇక వారం వారం నేనూ ఖైరున్నీసా కామారెడ్డిలో రైలెక్కడమే. మందు లోపల పడ్డాక మూత్రం ఆపుకుని ఇటు కాసేపు, అటు కాసేపు పొర్లాలి. తిరుగు రైల్లో చలిజ్వరం, నిప్పులు పోసినట్టు మంట! అలా జ్వరంతో పడి ఉన్నప్పుడే మా ప్రార్థన కూటం పెద్ద, నేను అన్నా అని పిలిచే మనిషి, పదిమందిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"నీకు ఇశ్వాసం తక్కువైందమ్మా. దేవుడు ముట్టుకుంటె చాలు, మందెందుకు? గీ జరం దేవుని కోపమే. ఇగ బంద్ చెయ్" అన్నాడు.

సహోదరులారా, రోగం కూడా నన్ను అంత బాధపెట్టలేదు! గోడ పట్టుకుని లేచాను. "నేను ఇడువనన్నా. నువ్వు ప్రార్థన చేస్తె చెయ్యి, లేకుంటె జరుగు, నేనే చేస్త" అని ఆయన ముందే చేతులెత్తాను.

"ప్రభువా! నా ఒంట్ల సైన్యం పెట్టింది నువ్వే గదా! పండుకున్నదాన్ని లేపనీకె గీ మందు తోవ చూపింది గూడ నువ్వే! గీ జరం నీ కోపమంటె నేను నమ్మ! నువ్వు పిలిస్తె వస్త తండ్రీ, గాని కొట్లాడకుంట మాత్రం రాను!"

గడప దగ్గర నిలబడ్డ ఖైరున్నీసా అందరికంటే ముందు, గట్టిగా, "ఆమీన్!" అంది. ఆ వెనకే కూటం వాళ్లూ ఆమేన్ అన్నారు. ఆ అన్న మాత్రం చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

జ్వరం సంగతి డాక్టరుకు చెబితే పరీక్ష చేసి, తగ్గేదాకా ఆగి, మళ్లీ మందు మొదలుపెట్టాడు. అంతా అయ్యాక గొట్టంతో లోపల చూసి, "శుభ్రంగా ఉందమ్మా, గడ్డ లేదు" అన్నాడు. ఆసుపత్రి అని కూడా చూడకుండా చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పాను! ఏళ్లు గడిచాయి, ఇప్పటికీ చూపించుకుంటూనే ఉన్నాను, మళ్లీ మొలవలేదు, హల్లెలూయా! ఆ అన్న నాతో ఈనాటికీ సరిగా మాట్లాడడు. మాట్లాడకపోతే మానె, ఆయన పేరు పెట్టి రోజూ ప్రార్థిస్తున్నాను.

అమ్మలారా, మీలో ఎవరైనా నాలాగా నెత్తురు చూసి సిగ్గుతో నోరు మూసుకుని ఉంటే, ఇవాళే చెప్పండి. ప్రభువును నమ్మండి, మోకరించండి, మోకాళ్ల మీద నుంచి లేచి బస్సెక్కండి. విశ్వాసం లేదని ఎవరైనా అంటే అననివ్వండి! మీరు చేరేసరికి ఆయన ఆసుపత్రి గుమ్మంలో మీకోసం నిలబడి ఉంటాడు.