వెర్నా వదిన గులాబీ బెలూన్

మా వదిన వెర్నా బడి బస్సు నడుపుతుంది. పిల్లల పుట్టినరోజులకు బస్సు నిండా బెలూన్లు కట్టి, మిగిలినవి వేటకోటు జేబులో కుక్కుకుంటుంది. అడవిలో అడుగుపెట్టగానే ఒకటి తీసి, ఊదకుండానే, తుపాకీ మూతికి తొడుగుతుంది. మా పడమటి తీరంలో వాన కురవదు, పైనుంచి ఎవరో కక్షగట్టి గుమ్మరిస్తారు. గొట్టంలోకి నీళ్ళూ ఆకులూ బురదా పోకుండా అందరూ మూతి మీద నల్లటి కరెంటు టేపు ముక్క అంటిస్తారు. వదినకి మాత్రం రంగు బెలూనే కావాలి. గులాబీరంగైతే మరీ మురిసిపోతుంది.

దీనికంతటికీ మూలం మా అన్నయ్య రెక్స్. వాన పడకుండా ఓసారి సీసా బిరడా తెచ్చి గొట్టంలో దిగ్గొట్టాడు. తీరా దుప్పి కనబడేసరికి ఆ సంగతి మరిచిపోయి పేల్చాడు. అన్నయ్య ప్రాణం దక్కింది, తుపాకీ మూతి దక్కలేదు. ఉబ్బిపోయిన కొసని రంపంతో కోయించి, ఆ మొండి తుపాకీతోనే బతికినన్నాళ్ళూ వేటాడాడు. ఆయన పోయాక అది వదిన చేతికొచ్చింది. గొట్టం లోపల ఏదీ కుక్కకూడదనీ, మూతి మీద పల్చటి తొడుగు చాలనీ, పేలిస్తే అది గాలికే చిరిగిపోతుందనీ బస్సెక్కిన పిల్లలందరికీ పాఠం చెబుతుంది. ఆ పిల్లలకు ఎక్కాలు రాకపోయినా ఇది వచ్చు.

మా ఆయన డెస్‌కి ఆ బెలూన్ చూస్తే ఒళ్ళు మంట. వేటకా, పేరంటానికా అని దెప్పుతాడు. నిరుడు మోకాళ్ళ నొప్పులతో వదిన ఉత్త చేతులతో తిరిగొస్తే, అది పట్టుకుని ఏడాది పొడుగునా నస పెట్టాడు. ఆ తుపాకీ తనకిచ్చేసి వంట చూసుకోమన్నాడు. వదినకి రోషం ముంచుకొచ్చింది. ఈ రంకెల రోజుల్లో ఒక్క పోతుదుప్పినైనా కొట్టకపోతే రెక్స్ తుపాకీ నీదేనని అందరి ముందూ మాటిచ్చేసింది. ఆ తర్వాత ఇంటికెళ్ళి ఏడ్చిందని నాకొక్కదానికే తెలుసు. అన్నయ్య చెయ్యి పడిన వస్తువు ఆవిడకి ఇంకేం మిగిలింది గనక.

రంకెల రోజులంటే పోతుదుప్పులు ఆడవాటి కోసం అడవి దద్దరిల్లేలా అరిచే రోజులు. మనమూ ఓ గొట్టంలోంచి అలాగే అరిస్తే, నాకు పోటీ ఎవడొచ్చాడని పోతు మీదికి ఉరికొస్తుంది. ఈసారి రోజూ వానే. ఆఖరి రోజు పొద్దున తెరిపిచ్చింది. మా ఆయన ఆకాశం కేసి చూసి, ఈవేళ టేపు కూడా దండగన్నాడు. తుపాకీ మూతిని బోసిగా వదిలేసి, అరవడానికి డ్రైనేజీ పైపు ముక్క చంకన పెట్టుకుని వాగు దాటి పోయాడు. వదిన కాసేపాగి, పాత వాక్యూమ్ క్లీనర్ గొట్టం మెళ్ళో వేసుకుని ఇంకో దారిన కుంటుకుంటూ బయల్దేరింది. నేను మా వేట మకాం రేకుల గదిలోనే ఉండి చిట్టి చేపపిల్లల్ని గుడ్డుసొనలో కలిపి అట్లు పోస్తున్నాను.

ఇంతలో కొండ మీంచి ఒక రంకె. దానికి జవాబుగా ఇంకోటి. ఒకటి బొంగురుగా ముసలి పోతులా ఉంది, రెండోది కీచుగా ఉడుకుమోతులా ఉంది. అవి దగ్గరయ్యే కొద్దీ సంబరం పట్టలేక అట్టు మాడ్చేశాను. పాపం, ఆ రెండింట్లో ఒకటి ఈవేళ చస్తుంది కదా అని జాలి కూడా పడ్డాను. ఆ బొంగురుది నా మొగుడనీ, కీచుది మా వదిననీ నాకేం తెలుసు?

వాళ్ళకీ తెలీదు. తర్వాత ఇద్దరూ చెప్పింది ఒకేలా ఉంది కాబట్టి నేను నమ్మాను. వాళ్ళిద్దరికీ మాట కలవడం అదే మొదలు.

డెస్ ఫెర్న్ పొదల ముందు నక్కి కూర్చున్నాడు. పొదలు కదిలాయి. పోతుదుప్పే అనుకుని తుపాకీ భుజానికెత్తాడు, వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. అప్పుడు ఆకుల పైన గులాబీరంగు బెలూన్ ఒకటి ఊగుతూ లేచింది. అది వదిన భుజాన వేలాడే తుపాకీ మూతి. దుప్పికి బెలూనేమిటని ఆయన తెల్లబోయి, చటుక్కున తుపాకీ దించేశాడు.

"వెర్నా, నువ్వా?"

"నువ్వటయ్యా ముసలి పోతూ? పొద్దుట్నుంచీ నీతోనా నేను పోట్లాడుతున్నది?"

ఇద్దరూ కూలబడి కడుపులు పట్టుకుని నవ్వారట. నవ్వుతూనే వదిన ఆయన తుపాకీ కేసి చూసింది. వాగులో జారిపడ్డాడు కాబోలు, మూతి నిండా బురద బిగిసి ఉంది.

"ఇది పేల్చుంటే మనిద్దరికీ ఒకేసారి గొయ్యి తవ్వేవాళ్ళు," అంది.

డెస్ మొహం పాలిపోయింది. ఆ మొహం చూళ్ళేక వదిన గొట్టం ఎత్తి ఆయన చెవి పక్కనే ఓ రంకె వేసింది. జవాబొచ్చింది. ఈసారి అది మనిషిది కాదు. తన కొండ మీద ఎవరో ఇద్దరు పొద్దుట్నుంచీ అరుస్తుంటే విని విని మండిపోయిన అసలు పోతు, పొదలు తొక్కుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. డెస్ తుపాకీ ఉండీ లేనట్టే. వదిన నొప్పి మోకాలు నేలకాన్చి, బెలూన్ తీయకుండానే పేల్చింది. గులాబీ ముక్కలు ఆకుల మీద రాలాయి. పోతు కూలింది.

ఆ చప్పుడికి నేను గరిటెతో సహా బయటికి పరిగెత్తాను. చాలాసేపటికి కొండ దిగొచ్చారు. మాంసం మోస్తూ, మెళ్ళో వాక్యూమ్ గొట్టంతో మా ఆయన. వెనకాల పాట పాడుకుంటూ వదిన. మొండి తుపాకీ ఆవిడ భుజానే ఉంది, దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను వదిన నడుం పట్టుకుని గిర్రున తిప్పేశాను. మోకాళ్ళున్న సంగతే మర్చిపోయి ఆవిడా గంతులేసింది.

డెస్ మాత్రం అట్టు ముట్టలేదు. కూర్చుని తన తుపాకీ గొట్టాన్ని కడిగి, తుడిచి, మళ్ళీ తుడిచాడు.

"వెర్నా, నీ దగ్గర ఇంకో బెలూన్ ఉందా?"

వదిన జేబు మొత్తం బల్ల మీద బోర్లించింది. ఆయన సిగ్గుపడుతూ, కంటికి ఆనకుండా ఉంటుందని పచ్చది తీసుకున్నాడు. వదిన దాన్ని ఆయన చేతిలోంచి లాగేసుకుంది.

"పచ్చ వద్దు డెస్. ఆకుల్లో నువ్వు కనబడవు. పసుపుది పెట్టుకో."

ఆయన పసుపుది తీసి, తుపాకీతో సహా వదిన ముందుకి జరిపాడు. వదినే తొడిగింది.