మూడో పెట్టె

దయ్యాలని నేను ఏనాడూ నమ్మలేదు. బట్టల కొట్లో పెరిగినదాన్ని. బల్ల మీద పరిచి, వెలుతురులో తిప్పి చూపించలేని సరుకు ఏదైనా నాకు అనుమానమే. ప్రార్థన కాస్త పొట్టిగా ముగించమని మా తెలుగు చర్చిలో పాస్టరు గారితో కూడా బేరమాడిన నోరు నాది. అందుకే ఇది నమ్మమని ఎవర్నీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, మా నాన్న అండమాన్ దీవుల్లోని మాయాబందర్‌లో బట్టల కొట్టు పెట్టాడు. గుడ్డ కొలిచేముందు ఇనప మీటరు బద్దతో బల్లని రెండుసార్లు టక్ టక్‌మని కొట్టేవాడు. కొలిచాక బద్ద చివర బొటనవేలు ఆనించి, పై కణుపంత గుడ్డ వదిలి అప్పుడు కత్తెర పెట్టేవాడు. అది కొసరు. “తడిస్తే గుడ్డ ముడుచుకుంటాదే. కొలిచినంతే ఇస్తే కుట్టు నిలబడదు” అనేవాడు.

కొట్లో నేను కూర్చున్న రోజు ఆ కణుపు ఉండేది కాదు. బద్దకి ఆనించి కోసేసేదాన్ని. నన్ను చూసి, “నాన్నగారు ఉన్నప్పుడు వస్తాంలే” అని మెట్టు దిగిపోయినవాళ్లు చాలామంది.

నాన్న పోయిన చాలా ఏళ్లకి, సిప్పీఘాట్‌లో ఉంటున్న మా అన్నయ్య ఒక పొద్దున్న నడుం నొప్పని కూలబడిపోయాడు. పోర్ట్ బ్లెయిర్‌లో స్కాన్ తీశారు. గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బి చిట్లింది. చుట్టూ ఉన్న కండ రక్తాన్ని ప్రస్తుతానికి పట్టి ఉంచింది, అంతే. కడుపు కోస్తే తట్టుకోడు. గజ్జల్లో చిన్న గాటు పెట్టి, తీగ మీదుగా గుడ్డ గొట్టం పంపించి, నాళానికి లోపల అస్తరు వేస్తే బతకొచ్చు. ఆ పని చెన్నైలోనే అవుతుంది.

“దీదీ, మధ్యాహ్నం విమానం ఉంది. రేపటిదాకా ఆగడు” అన్నారు డాక్టరు గారు.

విమానం నిండిపోయింది. స్ట్రెచర్ పట్టాలంటే రెండు వరసల సీట్లు ఖాళీ కావాలి. డాక్టరు గారు కాగితాల సంగతి చూశారు, నేను మనుషుల సంగతి చూశాను. విమానాశ్రయంలో క్యూలో నిలబడ్డ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను. కొత్తగా పెళ్లయిన జంట తటపటాయిస్తుంటే, “భయ్యా, మీ పెళ్లి రేపటికి పాతబడిపోదు. మా అన్న రేపటికి ఉండడు” అన్నాను. పెళ్లికూతురే ముందు పక్కకి తప్పుకుంది. నా బేరాల్లో వాదన లేకుండా కుదిరినవి ఆ రోజువే.

దారి పొడుగునా అన్నయ్య రక్తపోటు కావాలనే తక్కువగా ఉంచారు. పెరిగితే పట్టి ఉన్న చోటు తెగిపోతుందట. నీళ్లడిగాడు, ఇవ్వలేదు. అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. వదలదలుచుకోలేదు.

చెన్నై ఆస్పత్రిలో ఆపరేషన్ గది తలుపు దగ్గర, గొట్టాలు సరఫరా చేసే మనిషి పెట్టెలు పట్టుకుని వచ్చాడు. తల నెరిసినవాడు. సరుకు లోపలికెళ్లే ముందు చూడటం నాకు అలవాటు. ఆపి చూశాను. రెండు పెట్టెలు.

“కొసరేం లేదా?” అనేశాను. సిగ్గు లేని నోరు.

“ఇది గుడ్డల బేరం కాదమ్మా.”

“గుడ్డేనని డాక్టరు గారు చెప్పారు కదా.”

“కొసరు లేదమ్మా, జరగండి” అని రెండు పెట్టెలూ లోపలికిచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఆపరేషన్ అయ్యేదాకా లేవలేదు.

చాలాసేపటికి సర్జన్ వచ్చారు. గొట్టం సరిగ్గానే కూర్చుందట, కానీ పై అంచు దగ్గర ఇంకా రక్తం కారిందట. అక్కడ ఒక చిన్న ముక్క అదనంగా వేస్తే ఆగిందట. ఎంత ముక్క అంటే, తన బొటనవేలి పై కణుపు చూపించారు.

నర్సు ఖాళీ పెట్టెలు తెచ్చింది. మూడు.

నా పక్కనున్న మనిషి మూడోది అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది నేను తేలేదు. ఈ సైజు నా దగ్గర లేదు” అన్నాడు. ఆస్పత్రి స్టోర్‌లో అడిగాను. ఆ రకం అసలు పెట్టరు. ఎవరు అందించారని సర్జన్‌ని అడిగితే, “చెయ్యి చాచాను, అందింది” అన్నారు. లోపలున్న ముగ్గురు నర్సుల్నీ విడివిడిగా అడిగాను. ప్రతి ఒక్కరూ పక్కవాళ్లు ఇచ్చారనుకున్నారు.

పూర్తి మత్తిస్తే రక్తపోటు మరీ పడిపోతుందని అన్నయ్యకి గజ్జల దగ్గర మాత్రమే మొద్దుబార్చారు. అతను మెలకువగానే ఉన్నాడు. మర్నాడు పొద్దున్న, అదనపు ముక్క సంగతి ఎవరూ చెప్పకముందే, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

“ఏటే, బద్ద చప్పుడు నీకూ వినపడిందా?”

“ఏం బద్ద?”

“నాన్నది. రెండుసార్లు కొట్టాడు. ‘కణుపంత వదలమ్మా’ అన్నాడు. నీతో అంటున్నాడనుకున్నాను.”

అతని దుప్పటి సరిచేశాను.

అన్నయ్య ఇప్పుడు బాగున్నాడు. ఆ మూడో పెట్టె అడిగి తెచ్చుకున్నాను, మా ఇంట్లోనే ఉంది. మందుల ప్రభావమని కొందరు, దేవుడి దయ అని పాస్టరు గారు అన్నారు. అన్నయ్య విన్నదానికైతే ఏదో ఒకటి సరిపోతుందేమో. పెట్టెకి సరిపోదు.

నాన్నని చూశావా అని అడుగుతారు. చూడలేదు. లోపలికెళ్లిన రెండు పెట్టెల్ని చూశాను, బయటికొచ్చిన మూడింటిని చూశాను. కొసరు లేదన్న మనిషి ఇప్పటికీ లేదనే అంటున్నాడు. మరి ఇచ్చిందెవరో నాకు తెలీదు.